యాంటీబాడీలున్నా హెచ్‌ఐవీ ఎందుకు లొంగదు?

1986 ఫిబ్రవరిలో మద్రాసు మెడికల్ కాలేజీ విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల రక్తం నమూనాలు పట్టుకుని రాత్రి రైల్లో వేలూరు దగ్గరి కాట్పాడి చేరుకున్నారు. ఎలైసా పరీక్ష చేసే వసతి అప్పట్లో మద్రాసులో లేదు, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో ఉంది. చిత్తూరు, తిరుపతి జనం పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తేదీ ఆ ఆసుపత్రికే. అక్కడ ఆరు నమూనాలు పసుపు రంగుకు తిరిగాయి. డాక్టర్ సునీతి సోలోమన్ మార్గదర్శనంలో సాగిన ఆ పరిశోధనే మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని తొలిసారి బయటపెట్టింది.

ఆ పసుపు రంగు చూపించింది వైరస్‌ను కాదు, దాని మీద ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను. కరోనా రోజుల్లో యాంటీబాడీలు వచ్చాయంటే గండం గడిచినట్టేనని చాలామంది ధైర్యం చెప్పుకున్నారు. హెచ్‌ఐవీ దగ్గర ఆ లెక్క చెల్లదు. యాంటీబాడీలు ఎన్ని ఉన్నా, మందులు వాడకపోతే దాదాపు అందరిలోనూ జబ్బు ముదురుతుంది.

ఎందుకిలా? వైరస్ పైన పొడుచుకువచ్చిన ముళ్ల మీద దట్టమైన చక్కెర పూత ఉంటుంది. ఆ చక్కెరలు మన కణాల్లో తయారైనవే కనుక ఒంటికి పరాయివిగా తోచవు. ముళ్లు కూడా పదో పన్నెండో, అవీ దూరదూరంగా. రెండు చేతులున్న యాంటీబాడీకి రెండు ముళ్లు ఒకేసారి అందడం కష్టం. దీనికితోడు వైరస్ తన జన్యువుకు నకలు తీసుకునేటప్పుడు తప్పులు చేస్తుంది, వాటిని దిద్దుకోదు. సరైన యాంటీబాడీ సిద్ధమయ్యేసరికి వైరస్ రూపు మార్చేసి ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద టక్కరితనం దాని ప్రయాణంలో ఉంది. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్‌లో బెంజమిన్ చెన్ బృందం, కాలిఫోర్నియా శాస్త్రవేత్తలతో కలిసి, వెలుగుతూ కనిపించే హెచ్‌ఐవీని తయారుచేసి దాని కదలికలను వీడియో తీసింది. ఆ ఫలితాలు 2009లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. వైరస్ సోకిన టీ కణం (రోగనిరోధక కణం) పక్కనున్న మంచి కణాన్ని అతుక్కుంటుంది. అతుక్కున్న చోటికే వైరస్ సరుకంతా చేరుతుంది. పెద్దల కంట పడకుండా పక్కవాడి చేతిలోకి జారవిడిచే బీడీలా అవతలి కణంలోకి పోతుంది. రక్తంలో ఈదుకుంటూ పోయే వైరస్‌ను పట్టుకోగల యాంటీబాడీల్లో చాలావాటి బలం ఈ ఇరుకులో తగ్గిపోతుంది. ఒకేసారి గుంపుగా వచ్చిపడే వైరస్‌లలో కొన్నింటిని ఆపినా మిగిలినవి చాలు. టీ కణాలు ఒకదానినొకటి ఒరుసుకుని ఉండే లింఫు గ్రంథుల్లో ఈ పని మరీ సులువు.

హెచ్‌ఐవీ గురిపెట్టే టీ కణాలైన సీడీ4 కణాలు పెద్దసంఖ్యలో చావడానికీ ఈ దారే కారణమని శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థలో వార్నర్ గ్రీన్ బృందం 2015లో తేల్చింది. వైరస్ లోపలికి వచ్చినా పూర్తిగా పాగా వేయలేకపోయిన కణం కూడా మంటపుట్టి తనంతట తానే పగిలి చస్తుంది. కణం నుంచి కణానికి నేరుగా అంటుకుంటేనే ఈ చావు మొదలవుతుందట.

కాబట్టి ఒంటి శక్తి మీద భారం వేసి కూర్చోవడం, టీకా వచ్చేదాకా చూద్దామనుకోవడం రెండూ తప్పే. హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు చాలావరకు కణం లోపలే వైరస్ పని పడతాయి. అది ఏ దారిన వచ్చినా అవి అడ్డుకోగలవు. అయితే రోజూ వేసుకోవాలి. రిపోర్టులో 'నాట్ డిటెక్టెడ్' అని రాగానే నయమైందని మందులు మానేసేవారికి ఒక్క మాట: వైరస్ నిద్రపోతున్న కణాల్లో దాక్కుని ఉంటుంది, మానేసిన కొద్దివారాల్లోనే తిరిగి లేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌కు ఇది పక్కింటి గొడవ కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) 2021 అంచనాల ప్రకారం ఇక్కడి వయోజనుల్లో 0.67 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది, దేశ సగటు 0.21 శాతం. ఈశాన్యంలోని మూడు చిన్న రాష్ట్రాల తర్వాతి స్థానం మనదే. తిరుపతి రుయా ఆసుపత్రిలోనూ ఏఆర్‌టీ మందులు ఉచితం. అయినా కొందరిని గుమ్మం దగ్గరే ఆపేది తెలిసినవాళ్లు చూస్తారన్న భయం. ఆ భయానికి మందు డాక్టర్ల దగ్గర లేదు, ఊళ్లో ఉంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం రోగి వివరాలు బయటపెట్టడాన్ని, ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని నిషేధించింది. ఆ సంగతి పంచాయతీ ఆఫీసు గోడ మీద రాసి ఉన్న ఊళ్లెన్ని?

సోకకుండా కాపాడే మందూ వచ్చింది. ఆరునెలలకోసారి ఇచ్చే లెనకాపవిర్ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది ఆఫ్రికా యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదని 2024లో వెల్లడైంది. దాని జనరిక్‌ను ఏడాదికి 40 డాలర్ల ధరకు 2027 నుంచి అందిస్తామని ప్రకటించిన రెండు కంపెనీలు, హెటెరో, డాక్టర్ రెడ్డీస్, హైదరాబాద్‌వే. మన గడప దగ్గర తయారయ్యే మందు కోసం మనం చివరి వరుసలో నిలబడకూడదు. రాష్ట్ర ప్రభుత్వం కొనుగోలు ఏర్పాట్లు ఇప్పుడే మొదలుపెట్టాలి. ఈలోగా అనుమానమున్నవారు దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు. సలహా కోసం 1097కు ఫోన్ చేయండి.