పదహారు ఓట్లు

'ద్వీపం' అనే పదానికి 'ఇరువైపులా నీరు గలది' అని వ్యుత్పత్తి. టోకెలావ్ ప్రజలు ఈ అర్థాన్ని నిఘంటువులో వెదకనక్కరలేదు. పసిఫిక్ మహాసముద్రంలో, సమోవాకు ఉత్తరంగా సుమారు 500 కిలోమీటర్ల దూరంలో అటాఫు, నుకునోను, ఫకావోఫో అనే మూడు పగడపు దీవులున్నాయి. వెలుపల సముద్రం, లోపల ఉప్పునీటి మడుగు, ఈ రెంటి నడుమ సన్నని నేలపట్టీ. మూడింటి వైశాల్యం కలిపినా సుమారు 12 చదరపు కిలోమీటర్లు. జనాభా 1,500కు అటూ ఇటూగా ఉంటుంది. పట్టణంలోని ఒక పెద్ద జూనియర్ కళాశాలలో అంతకంటె ఎక్కువమంది విద్యార్థులుంటారు.

ఈ దీవుల పాలన 1926లో న్యూజిలాండ్ చేతికి వచ్చింది. 1949 నుండి ఇవి ఆ దేశంలో భాగం. ఇక్కడివారు ఆ దేశ పౌరులు. అయినా స్వపరిపాలన పొందని భూభాగాల పట్టికలో ఐక్యరాజ్యసమితి టోకెలావ్‌ను నేటికీ ఉంచింది. అటువంటి భూభాగాలకు సమితి 1960లో మూడు మార్గాలను సూచించింది: పూర్తి స్వాతంత్ర్యం, మరొక దేశంలో విలీనం, లేదా స్వేచ్ఛా సహవాసం. స్వేచ్ఛా సహవాసమంటే తమ ప్రభుత్వాన్ని తామే నడుపుకొంటూ పెద్ద దేశంతో ఇష్టపూర్వకమైన సంబంధాన్ని నిలుపుకోవడం. టోకెలావ్ పరిశీలించినది ఈ మార్గాన్నే. మూడింట రెండు వంతుల ఓట్లు రావాలన్నది నియమం. 2006లో దాదాపు 60 శాతం అనుకూలంగా వచ్చాయి. 2007లో మళ్లీ ఓటింగు జరిగింది. అనుకూలంగా 446, ప్రతికూలంగా 246. పదహారు ఓట్లు తక్కువయ్యాయి.

ఇది విని, స్వేచ్ఛను చేతికందిస్తే కాదన్న అమాయకులని వారిని తేలికగా తీసిపారేయవచ్చు. ఆ అభిప్రాయం న్యాయం కాదు. దీవులలో విమానాశ్రయం లేదు. ఆపియా నుండి నౌక రావడానికి ఒక రోజుకు పైగా పడుతుంది. అది పగడపు దిబ్బకు ఆవలే నిలిచిపోతే మనుషులను, బియ్యపు బస్తాలను చిన్న పడవలలో ఒడ్డుకు చేరుస్తారు. జబ్బు ముదిరినవారికీ అదే దారి. ఆ నౌక ఖర్చును రేపు ఎవరు భరిస్తారన్న సందేహం పిరికితనం కాదు, గృహస్థు వివేకం. పైగా దీవులలో ఉన్నవారికి అనేక రెట్ల మంది టోకెలావ్ సంతతివారు న్యూజిలాండ్‌లో నివసిస్తున్నారు. వారికి ఈ ఓటింగులో పాలు లేదు. కాని వారి పౌరసత్వాన్ని గురించిన బెంగ ప్రతి ఇంటిలోనూ ఉండి తీరుతుంది. 1974లో స్వేచ్ఛా సహవాసాన్ని స్వీకరించిన నియూయే దీవి కూడా కళ్లముందే ఉంది. 1960వ దశకంలో 5,000 దాటిన అక్కడి జనాభా నేడు 2,000 లోపు. దానికి స్వపరిపాలన కారణం కాదు, వలస కారణం. స్వపరిపాలన ఆ వలసను ఆపలేకపోయిందన్నది మాత్రం నిజం.

మూడింట రెండు వంతుల నియమం కఠినమైనదని కొందరికి తోచవచ్చు. చాలా దేశాలలో 64 శాతం ఘనవిజయమే. కాని ఇంత చిన్న సమాజంలో ఓడిన 246 మంది పేరు తెలియని ప్రతిపక్షం కారు. పక్కింటివారు, ఒకే పడవలో చేపలకు వెళ్లేవారు. వెనక్కు తీసుకోవడానికి వీలులేని నిర్ణయాన్ని వారిపై రుద్దకపోవడం మంచిదే.

నిజానికి స్వపరిపాలన అక్కడ కొత్తగా దిగుమతి కావలసిన వస్తువు కాదు. ప్రతి దీవిలో 'టౌపులేగా' అనే పెద్దల సభ ఉంది. మూడు దీవుల నాయకులు ఏడాదికొకరుగా 'ఉలు' పదవిని, అంటే ప్రభుత్వాధినేత బాధ్యతను వహిస్తారు. 'ఇనాటి' అనే ఆచారం మరీ గమనింపదగినది. ఊరంతా కలిసి పట్టిన చేపలను ఒడ్డున కుప్పపోసి, ఇంటిలోని మనుషుల సంఖ్యను బట్టి పంచుతారు. వేటకు వెళ్లలేని వృద్ధురాలి ఇంటికీ వాటా చేరుతుంది. సంక్షేమమన్న మాట పుస్తకాలలో చేరడానికి ముందే అక్కడ అది తాటాకు బుట్టలలో, కాదు, కొబ్బరాకు బుట్టలలో ఇంటింటికీ చేరింది.

అభివృద్ధి విషయంలోనూ టోకెలావ్ వెనుకబడలేదు. 2012లో మూడు దీవులలో 4,032 సౌర ఫలకాలను, 1,344 బ్యాటరీలను నెలకొల్పారు. అంతవరకు డీజిల్ పీపాలపై ఆధారపడిన ఊళ్లు ప్రధానంగా సూర్యరశ్మితోనే విద్యుత్తును పొందసాగాయి. పెద్ద దేశాలు వాతావరణ సభలలో వాగ్దానాలు చేస్తున్న కాలంలో, సముద్రమట్టానికి అయిదు మీటర్ల ఎత్తయినా లేని నేలపై నిలిచినవారు ఆ పని చేసి చూపారు. దానికి ధనం న్యూజిలాండ్ సమకూర్చింది. వారి జలాలలో చేపలు పట్టే విదేశీ నౌకల అనుమతి రుసుములు ఇప్పుడు ముఖ్యమైన సొంత ఆదాయం. బ్యాటరీలు పాతబడినప్పుడు కొత్తవాటిని ఆ రుసుములతో కొంటారా, మళ్లీ వెల్లింగ్టన్‌ను అడుగుతారా అన్నది మూడు టౌపులేగాలూ తేల్చుకోవలసిన సంగతి.