తొంభై ఏళ్ల బతుకు, ఒక్క పంట కథ

చాకలి ఐలమ్మ జయంతి సభల్లో ఈ వారం విన్న ప్రసంగాలన్నీ పాలకుర్తి పొలం గట్టు మీద మొదలై అక్కడే ముగిశాయి. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట కోసుకుపోవడానికి దిగడం, ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు అడ్డు నిలబడటం, ధాన్యం ఐలమ్మ ఇల్లు చేరడం. ఎన్నిసార్లు విన్నా ఒళ్లు గగుర్పొడిచే కథే. కానీ ఆమె 1895లో పుట్టింది, 1985లో పోయింది. పంట గొడవ నాటికే ఆమెకు యాభై ఏళ్లు. తెలంగాణ సాయుధ పోరాటం 1951లో ఆగింది. ఆ తర్వాత మరో ముప్పై నాలుగేళ్లు బతికింది. ఆ ఏళ్ల గురించి ఒక్కరూ నోరు విప్పలేదు.

ఊరి బట్టలుతికే ఇంట్లో పుట్టి, కౌలు భూమిలో సేద్యానికి దిగి, కొడుకులను, బిడ్డను పెంచిన తల్లి ఆమె. కొడుకులు జైల్లో ఉన్నప్పుడు ఇల్లెట్లా గడిచింది? దొర మనుషులు కాల్చేసిన ఇంటిని మళ్లీ ఎట్లా నిలబెట్టుకుంది? కోర్టు వాయిదాలకు పోవడానికి చేతిఖర్చు ఎక్కడిది? మనవళ్లకు ఏం చెప్పింది, మంచాన పడ్డనాడు ఎవరు చూసుకున్నారు? నా దృష్టిలో ఇవి పంట కథ కన్నా చిన్న సంగతులు కావు. దొరకు ఎదురు నిలవడం ఒక పూట పని. తెల్లారి లేచి అదే ఊళ్లో, అదే దొర కళ్లముందు పొయ్యి వెలిగించడం ఏళ్ల తరబడి చేయాల్సిన పని. ఐలమ్మ రెండూ చేసింది. మనం మొదటిదాన్నే పూజిస్తున్నాం.

2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ గేటు మీద ఆ పేరు చూసి సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. అక్కడ చదివే ఆడపిల్లలకు ఒక్క పని అప్పగించాలని నా కోరిక: సెలవులకు ఊరికి పోయినప్పుడు నానమ్మ పక్కన కూర్చుని, ఆమె కథ ఆమె మాటల్లోనే రాసుకుని రావాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఊరూరా తిరిగి సేకరించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చేశారు. పోరాటం ముగిశాక తమను మళ్లీ వంటింటికి పంపారన్న బాధ ఆ పుస్తకంలో ఒకరిద్దరిది కాదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికేవాళ్లు అది కనబడితే వదలొద్దు.

ఆబిడ్స్ అన్నాక ఫొటో స్టూడియోల సంగతి చెప్పకుండా ఉండలేను. దినాలకు ఫొటో కావాలని ఊళ్ల నుంచి వస్తుంటారు. అవ్వ ఎనభై ఏళ్లు బతికి ఉంటుంది. చేతిలో ఉండేది ఆధార్ కార్డు మీది బొమ్మ ఒక్కటే. దాన్నే పెద్దది చేసి, పట్టుచీర తగిలించి, మొహం మీది ముడతలు తుడిచేస్తారు. పిల్లల చేతుల్లో ఇన్ని ఫోన్లుండి, నాట్లేసేటప్పుడో, అరుగు మీద బియ్యం ఏరేటప్పుడో ఆమెను ఒక్కసారైనా తీయాలని ఎవరికీ తోచలేదు. నాకిది నిజంగా కడుపు మండే విషయం. ఆ ముడతలే ఆమె జీవితం. వాటిని తుడిచేశాక గోడకు తగిలించేది ఎవరిని?

అదే దారిలో, నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద, భూ పరిపాలన ప్రధాన కమిషనర్ కార్యాలయం ఉంది. నిన్న ధరణి, నేడు భూభారతి, పోర్టల్ పేరు ఏదైనా మన భూముల లెక్క చూసే పెద్ద కచేరీ అది. నాట్లు, కలుపు, కోత అన్నీ చేసిన అవ్వల పేర్లు ఆ లెక్కలో ఎన్ని? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి నూటికి 14కు మించవు. ఐలమ్మ కొట్లాడింది భూమి కోసమని ఏటా చెప్పుకునే మనకు ఈ లెక్క సిగ్గుచేటు.

చట్టం రాకపోలేదు. ఉమ్మడి ఆస్తిలో బిడ్డకు కొడుకుతో సమాన హక్కు ఇస్తూ 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం వారసత్వ చట్టాన్ని సవరించింది. అది 1985 సెప్టెంబర్ 5 నుంచే వర్తిస్తుందన్నారు. సరిగ్గా అయిదు రోజులకు, సెప్టెంబర్ 10న, ఐలమ్మ కన్నుమూసింది. కానీ చట్టం వర్తించే నాటికే పెళ్లయిన బిడ్డలకు ఆ హక్కు లేదని అదే చట్టంలో మెలిక పెట్టారు. 2005 సెప్టెంబర్ 9న కేంద్ర చట్టం ఆ మెలిక తీసేసరికి ఇరవై ఏళ్లు గడిచాయి. 2004 డిసెంబర్ 20కి ముందే తెగిన పంపకాలను మాత్రం కదిలించలేదు. ఇవాళ అరవై దాటిన పల్లెటూరి అవ్వల్లో చాలామంది ఈ సందులో ఇరుక్కున్నవాళ్లే. పుట్టింటి నుంచి పసుపుకుంకుమలు తెచ్చుకున్నారు, గుంట భూమి రాలేదు. అత్తింటి పొలం మొగుడి పేరు నుంచి కొడుకు పేరుకు మారింది.

ఐలమ్మ విగ్రహానికి దండ వేసే మంత్రులను నేను అడిగేది ఒక్కటే. ఏటా ఆమె జయంతి నాడు, సెప్టెంబర్ 26న, ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టండి. ఊళ్లో మొత్తం పట్టాదారు పాసుపుస్తకాలెన్ని, వాటిలో ఆడవాళ్ల పేరున ఉన్నవెన్ని, అందరి ముందు చదివి వినిపించండి. లెక్క నాంపల్లి కచేరీలోనే ఉంది.