మిషన్ మీద ఉండేది ఎంపీ పేరు

2024 మే 13న పోలింగ్. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెలు దాదాపు అన్నీ కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్, నిజామాబాద్ లోక్‌సభ స్థానాల కిందికి వస్తాయి. ఈ నెల రోజులుగా మా కార్యకర్తలు సభ్యత్వాల కోసం ఊళ్లు తిరుగుతున్నారు. వాళ్లు ఏ ఊరికి పోయినా, హోటల్ బల్ల మీదో గ్రామ పంచాయతీ అరుగు మీదో ఒకటే ముచ్చట. "ఎవరికి ఏస్తవే కాకా?" అంటే "మోదీకి" అంటాడొకాయన. "రాహుల్ గాంధీకి" అంటాడు ఇంకొకాయన. "నాకైతే కేసీఆరే" అని మూడో మనిషి. "రేవంత్ మాట నిలబెట్టుకుంటడో లేదో చూసి చెప్త" అని నాలుగో మనిషి. ఈ నలుగురు నాయకుల్లో ఒక్కరి పేరు కూడా మన నాలుగు స్థానాల్లో ఏ ఓటింగ్ మిషన్ మీదా ఉండదు.

ఇది ఓటర్ల తెలివితక్కువతనం అని మేము అనుకోవడం లేదు. వాళ్ల చేత అట్లా అనిపించడానికి పార్టీలు కోట్లు పెడుతున్నాయి. ఫ్లెక్సీలో నాయకుడి బొమ్మ నిలువెత్తు, అభ్యర్థి బొమ్మ బెత్తెడు. అమెరికాలో జనం అధ్యక్ష అభ్యర్థి పేరు చూసి ఓటేస్తారు. మన దగ్గర రాష్ట్రపతిని కూడా మనం నేరుగా ఎన్నుకోం. మన బదులు ఎంపీలు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. 2022 జూలైలో జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణ ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 132. ఆ లెక్క కట్టింది 1971 నాటి మన జనాభాను బట్టి. అంటే అక్కడ ఓటేసింది వాళ్లయినా తూకానికి పెట్టింది మన తలలనే. ప్రధానిని ఎన్నుకునేదీ మన చేతుల మీదుగా పోయిన ఎంపీలే. అయినా లోక్‌సభ ఎన్నికను అధ్యక్ష ఎన్నికలాగా నడుపుతున్నారు. దానివల్ల ఎవరికి లాభం? ముందుగా అభ్యర్థికి. "పొట్టకొచ్చిన వరి ఎండింది, బోరు ఆగిపోయింది" అని చెబితే "దేశం ముఖ్యం కదన్నా" అని కారెక్కి పోవచ్చు. ఈ యాసంగిలో నీళ్లందక పొలాలను పశువులకు వదిలేసిన ఊళ్లకు అన్ని పార్టీల కార్లూ వచ్చాయి. ఒకరు ఇది వాళ్లు తెచ్చిన కరువన్నారు, ఇంకొకరు వీళ్లు తెచ్చిన కరువన్నారు. ఎకరాకు ఎంత ఇప్పిస్తారో మాత్రం ఎవరూ నోరు జారి కూడా చెప్పలేదు.

మరి ఎంపీని దేనితో తూచాలి? మన పంటకు సంబంధించి ఆయన చేతిలో ఏముందో తెలిస్తే ఆ సంగతి తేలుతుంది. పత్తినే చూడండి. ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో బండి నిలబెట్టినప్పుడు మన కళ్లు రెండు అంకెల మీద ఉంటాయి: ధర, తేమ. 2023-24 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 7,020 రూపాయలు ఉండింది. అది తేమ 8 శాతం లోపు ఉంటేనే. 8 నుంచి 12 దాకా పెరిగిన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 దాటితే సీసీఐ కొననే కొనదు, పక్కనున్న ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటే రేటు. అక్టోబర్, నవంబర్ మంచులో ఏరిన పత్తిలో ఆ తేమ ఉండక ఏమవుతుంది? ఈ నిబంధన ఏ జిన్నింగు మిల్లులోనూ పుట్టలేదు, పై నుంచి వచ్చింది. దాన్ని మార్చమని అడగాల్సిన చోటు ఢిల్లీ. అక్కడికి మనం పంపేది ఎంపీని.

ఇంకో మాట. విదేశీ పత్తి మీద 2021 బడ్జెట్‌లో దిగుమతి సుంకం వేశారు. మిల్లుల వాళ్లు గోల పెడితే 2022 ఏప్రిల్ నుంచి కొన్ని నెలలు ఎత్తేశారు. సుంకం ఉంటే మన పత్తికి కొంత కాపు, లేకపోతే లేదు. ఈ సంగతి మీద మన ఎంపీలలో ఎవరు ఏ వైపు మాట్లాడారో మీకు గుర్తుందా? మాకు గుర్తు లేదు. మిల్లుల యజమానులకు మాత్రం తమ తరఫున ఎవరు మాట్లాడారో బాగానే గుర్తుంటుంది.

(ఆదిలాబాద్‌లో సీసీఐ అంటే రెండున్నాయి. ఒకటి పత్తి కొనే కార్పొరేషన్, ఇంకొకటి ఏళ్లుగా మూతపడి ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ. ప్రతి ఎన్నికల్లోనూ రెండో దాన్ని తెరిపిస్తామని చెబుతారు. మొదటిది పత్తి ఏరే రోజులకు సరిగ్గా తెరుచుకుంటే చాలునని మనం అంటాం.)

2020 సెప్టెంబర్‌లో మూడు వ్యవసాయ చట్టాలు పార్లమెంటుకు వచ్చాయి. ఉభయ సభల్లోనూ వాటిని మూజువాణి ఓటుతో దాటించారు. ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో పేరుపేరునా లెక్క రాయలేదు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చున్నాక 2021 నవంబర్‌లో వాటిని రద్దు చేశారు. ఆ ఏడాదంతా మన ఎంపీ ఏం చేశాడన్నది ఆయనను తూచడానికి అన్నిటికన్నా పెద్ద తూనికరాయి. మద్దతు ధరకు చట్టబద్ధత కావాలన్నది అప్పటి నుంచీ ఉన్న డిమాండు. కాంగ్రెస్ 2024 మేనిఫెస్టోలో చట్టబద్ధ హామీ అని రాసింది. బీజేపీ ఎప్పటికప్పుడు ధర పెంచుతామని రాసింది. రెండూ ఒకటి కావు. అయితే రాసింది పార్టీ. ఆ పార్టీ గుర్తుతో నిలబడ్డ మనిషి మన ఊరి సభలో అదే మాట తన నోటితో అంటాడా లేదా అన్నది వేరే సంగతి.

ఇక పసుపు ముచ్చట. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల పసుపు రైతులు నిజామాబాద్ లోక్‌సభ స్థానం కిందికి వస్తారు. 2019లో వాళ్లు చేసిన పని దేశమంతా చూసింది. పసుపు బోర్డు, పసుపు క్వింటాల్‌కు 15,000, ఎర్రజొన్నకు 3,500 కావాలని ఆ ఫిబ్రవరిలో రోడ్ల మీద కూర్చుంటే ఎవరూ పట్టించుకోలేదు. దాంతో నామినేషన్లు వేశారు. స్వతంత్ర అభ్యర్థికి పది మంది ప్రతిపాదకులు కావాలి, 25,000 రూపాయల డిపాజిట్ కావాలి. చాలా ఊళ్లలో చందాలు వేసుకుని ఆ డబ్బు కట్టారు. చివరికి పోటీలో మిగిలిన 185 మందిలో 178 మంది దాకా రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. అంతకు ముందు 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ల గోస చెప్పుకోవడానికి 480 మంది నిలబడితే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. మన వాళ్లు నడిచింది ఆ దారిలోనే.

వాళ్లు గెలవలేదు, గెలుస్తామని అనుకోనూ లేదు. కానీ ఆ నెల రోజులు నిజామాబాద్‌లో దేశం, ధర్మం, వారసత్వం అన్నీ పక్కకు జరిగి పసుపు మీదే మాట నడిచింది. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ ఐదు రోజుల్లో బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చారు. సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవిత డెబ్బై వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు.

ఆ తర్వాతి కథ కూడా చెప్పుకోవాలి. ఐదు రోజులు పోయాయి, ఐదు నెలలు పోయాయి. 2020లో బోర్డుకు బదులు స్పైసెస్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఇచ్చి, ఇది బోర్డు కన్నా మేలన్నారు. 2023 అక్టోబర్ 1న, అసెంబ్లీ ఎన్నికల ముంగిట, ప్రధాని మహబూబ్‌నగర్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. ఆ వారంలోనే నోటిఫికేషన్ వచ్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి బోర్డుకు ఆఫీసు తెరుచుకోలేదు. 2024లో పసుపుకు మంచి ధర పలికింది నిజమే. గిట్టక రైతులు సాగు తగ్గించారు, సరుకు తగ్గింది, ధర లేచింది. అందులో ఎవరి గొప్పా లేదు.

దీన్ని కొందరు 'బాండు పేపరు మోసం' అని కొట్టేస్తారు, కొందరు 'ఆలస్యమైనా తెచ్చాడు కదా' అంటారు. మాకు కనబడే లోపం వేరే ఉంది. కాగితం మీద బోర్డు ఉంది, గడువు ఉంది. ఆ బోర్డు చేతిలో ఏం అధికారం ఉండాలన్నది లేదు. బోర్డు పంట కొంటుందా? ధర పడిపోతే దిగుతుందా? ఉడకబెట్టే బాయిలర్లకు, పాలిష్ డ్రమ్ములకు డబ్బిస్తుందా? రైతులు ఎంతమంది అందులో కూర్చుంటారు? ఇవి అడగకుండా బోర్డు అన్న పేరొక్కటే అడిగాం, పేరొక్కటే వచ్చింది. అప్పుడు కొట్లాడిన రైతులను తక్కువ చేసి అనడం లేదు. ఆ పొరపాటులో మన సంఘానికీ పాలుంది.

అడగడంలో మనం ఎక్కడ తప్పినా తూచడంలో మాత్రం ఓటరు గట్టివాడని హుజూరాబాద్ చూపించింది. ఆ నియోజకవర్గంలోని శాలపల్లిలోనే 2018 మే 10న రైతుబంధు మొదలైంది, 2021 ఆగస్టు 16న దళితబంధు మొదలైంది. రెండోది ఉప ఎన్నిక ముందు వచ్చింది. కుటుంబానికి పది లక్షలు అన్నారు, మంత్రులు ఊళ్లలోనే మకాం వేశారు. అయినా 2021 అక్టోబర్ 30న ఓటరు ఈటల రాజేందర్‌ను 23,855 ఓట్ల మెజారిటీతో గెలిపించాడు. రెండేళ్లు తిరగ్గానే, 2023 నవంబర్‌లో, అదే ఓటరు ఆయనను ఓడించాడు. ఇచ్చింది తీసుకున్నారు, ఓటు తమ లెక్క ప్రకారం వేశారు. పల్లె జనాన్ని నోటుకు అమ్ముడుపోయేవాళ్లని పట్నం వాళ్లు రాసేటప్పుడు ఈ అంకెలు ఒకసారి చూసుకుంటే మంచిది.

నోటు సంగతి వచ్చింది కాబట్టి ఒక లెక్క. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండితే 40 కిలోల బస్తాలు 62 దాకా అవుతాయి. తాలు, తరుగు పేరుతో బస్తాకు రెండు కిలోలు ఎక్కువ జోకితే 124 కిలోలు. ఏ గ్రేడ్ వడ్లకు 2023-24లో ఉన్న 2,203 రూపాయల మద్దతు ధరన 2,700 రూపాయలకు పైనే. ఒక్క ఎకరం మీద, ఒక్క పంటకు. ఐదేళ్లకోసారి ఇంటికొచ్చే కవరు ఎంత ఉంటుందో మీకు తెలుసు. కొనుగోలు కేంద్రం నడిపేది రాష్ట్రం, కాబట్టి తరుగు గురించి ముందు అడగాల్సింది ఎమ్మెల్యేని, కలెక్టరుని. అన్నీ ఎంపీ మెడకు చుట్టడం కూడా సరికాదు. రుణమాఫీ, వడ్లకు 500 బోనస్, రైతుభరోసా రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన మాటలు. వాటి హిసాబు ఆ ప్రభుత్వంతోనే. 2024 ఆగస్టు 15 లోపు రెండు లక్షల మాఫీ చేస్తామని ముఖ్యమంత్రి చెప్పారు, ఆ తేదీ మన క్యాలెండర్‌లో రాసి పెట్టుకున్నాం. ఎంపీకి మద్దతు ధర, పత్తి తేమ నిబంధన, సుంకం, ఎరువులు, రైల్వే లైన్లు ఉన్నాయి. కేంద్ర పథకాలను సమీక్షించే జిల్లా 'దిశ' కమిటీకి అధ్యక్షుడూ ఎంపీయే. అది ఎన్నిసార్లు కూర్చుంది, కౌలు రైతు ముచ్చట ఎన్నిసార్లు వచ్చింది అని అడగండి.

కౌలు రైతును ఊరికే అనలేదు. రైతుబంధు పట్టాదారుకు పోయింది, పెట్టుబడి కౌలుదారు పెట్టాడు. 2011లో వచ్చిన కౌలుదారుల గుర్తింపు చట్టం పుస్తకంలో ఉంది, కార్డులు ఊళ్లోకి రాలేదు. ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు పోడు పట్టా చేతికి రాని కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అటవీ హక్కుల చట్టం కేంద్రం చేసిందే కాబట్టి ఆ ప్రశ్న నేరుగా ఎంపీదే. పత్తి ఏరే ఆడవాళ్ల సంగతైతే సభల్లో వినబడదు. మంచిర్యాల దగ్గరి ఒక ఊరిలో మా కార్యకర్తను ఒక పెద్దమ్మ అడిగింది: "బిడ్డా, మా ఆయన ఎవరికి ఏయమంటే వాళ్లకే ఏస్తున్న ఇన్నేండ్లు. ఆయన పోయి రెండేండ్లాయె. ఇప్పుడు ఎవరినడగాలె?" ఎవరినీ అడగొద్దని మావాడు చెప్పాడు. "అట్లనా" అని నవ్వి, ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేసి, భూమి ఇంకా తన పేరు మీదికి ఎక్కలేదన్న సంగతి గంటసేపు చెప్పింది.

ఫలానా గుర్తుకు ఓటేయమని ఈ పత్రిక చెప్పదు. మన సంఘంలో అన్ని పార్టీల అభిమానులూ ఉన్నారు, ఉండాలి కూడా. ఈ సంచికతో పాటు ఒక ప్రశ్నల కాగితం పంపుతున్నాం. మద్దతు ధర చట్టం మీద, పత్తి తేమ మీద, దిగుమతి సుంకం మీద, పసుపు బోర్డు అధికారాల మీద, పోడు పట్టాల మీద అభ్యర్థి అవునో కాదో రాసి, ఎప్పటిలోగానో రాసి, సంతకం పెట్టేందుకు అందులో గడులున్నాయి. ప్రచారం ముగిసేలోపు మీ ఊరికి ఏ అభ్యర్థి వచ్చినా మైకు అందుకునే ముందే చేతికివ్వండి. నింపిన కాగితాలు జిల్లా ఆఫీసుకు చేర్చండి. జూన్ 4న ఫలితాలు. ఆ నెల సంచికలో గెలిచినవాళ్లవీ ఓడినవాళ్లవీ అన్నీ అచ్చు వేస్తాం. ఖాళీగా వదిలిన గడిని ఖాళీగానే వేస్తాం.