ఇంకిన నీరు చేరేదెక్కడికి? జంషెడ్‌పూర్ శివారు పంచాయతీల ముందున్న ప్రశ్న

జంషెడ్‌పూర్‌లో టాటా సంస్థ లీజు ప్రాంతానికి భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉంది. ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా స్థిరపడ్డాయి. సీతారాండేరా వంటి నగర బస్తీలను విడిచి, రైలు పట్టాలు దాటి బాగ్‌బేడా, ఘాఘీడీహ్ వైపు వెళితే పరిస్థితి మారుతుంది. అవి పేరుకు గ్రామ పంచాయతీలు, జనసాంద్రతలో పట్టణాలు. అక్కడ సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన ఇంకుడు గుంత, అదే ఆవరణలోనో పొరుగింటిలోనో బోరుబావి ఉండటం అసాధారణం కాదు.

సెప్టిక్ ట్యాంకు మురుగును శుద్ధి చేస్తుందన్న నమ్మకం బలంగా ఉంది. అది సగం నిజం మాత్రమే. ట్యాంకులో ఘనపదార్థం అడుగుకు చేరుతుంది, కొంత కుళ్లి తగ్గుతుంది. బయటకు వచ్చే నీటిలో రోగకారక క్రిములు మిగిలే ఉంటాయి. వాటిని వడగట్టి నశింపజేయవలసింది ఇంకుడు గుంత కింద తడి నిండని నేల పొర. ఆ పొర ఎంత మందం, ఎటువంటి మట్టి అన్నదే అసలు విషయం.

దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ఒక పరీక్షను నిర్దేశించింది. గుంత తవ్వి, మట్టిని ముందుగా బాగా నానబెట్టి, నీరు 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూస్తారు. గంటకు మించితే ఆ నేల ఇంకుడు గుంతకు పనికిరాదు. భూగర్భజలం ఉపరితలానికి 180 సెంటీమీటర్ల లోపే ఉంటే గుంతకు బదులు నేలమట్టానికి ఎత్తుగా మట్టి దిబ్బలో ఇంకుడు కందకం కట్టాలి. తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరం పాటించాలి. గునపం, బిందెడు నీరు, గడియారం ఉంటే చాలిన ఈ పరీక్ష, ఇల్లు కట్టే వేళ ఎవరికీ గుర్తుకు రాదు.

సింగ్‌భూమ్ ప్రాంతంలో చిక్కు మరింత లోతైనది. ఇక్కడ పైన శిథిలమైన మట్టి పొర, దిగువన గట్టి రాయి, ఆ రాతిలో పగుళ్లు. బోరుబావులకు నీరందించేది ఆ పగుళ్లే. బంకమన్ను ఉన్నచోట నీరు ఇంకక మురుగు వీధిలోకి పొంగుతుంది. అది కంటికి కనిపిస్తుంది కనుక ఫిర్యాదు వస్తుంది. మట్టి పలుచగా ఉండి రాతి పగులు దగ్గరగా ఉన్నచోట నీరు చిటికెలో మాయమవుతుంది. గుంత బాగా లాగుతోందని మేస్త్రీ, ఇంటివారు ఇద్దరూ సంతోషిస్తారు. నిజానికి ఆ నీరు శుద్ధి కాకుండానే బోరుబావి దారి పట్టి ఉండవచ్చు. మొదటి లోపం కంటే ఈ రెండోదే ప్రమాదకరం. వేగంగా ఇంకడం ఒక్కటే నేల యోగ్యతకు నిదర్శనం కాదు.

శ్రీకాకుళం తీరపు ఇసుక నేలల సంగతీ ఇంతే. ఇసుకలో నీరు క్షణాల్లో ఇంకుతుంది, కానీ భూగర్భజలం కొద్ది అడుగుల్లోనే తగులుతుంది.

పరీక్ష జరిపే కాలం కూడా ఫలితాన్ని తారుమారు చేయగలదు. ఇళ్ల పనులు ఎక్కువగా సాగేది ఎండాకాలంలో. అప్పుడు భూగర్భజలం లోతుకు దిగి ఉంటుంది. వర్షాకాలంలో ఖర్కాయి, సువర్ణరేఖ నదులు పొంగినప్పుడు ఒడ్డునున్న పల్లపు బస్తీలలో నీటిమట్టం పైకి వస్తుంది. మే నెలలో యోగ్యమనిపించిన గుంత ఆగస్టులో భూగర్భజలంలోనే మునిగి ఉండవచ్చు. కాబట్టి లెక్కలోకి తీసుకోవలసింది ఏడాదిలో అత్యధిక నీటిమట్టాన్ని. పాత బావుల గోడలపై తడి చారలు, ఇరుగుపొరుగు పెద్దల జ్ఞాపకం ఇందుకు కొంత సాయపడతాయి.

స్వచ్ఛభారత్ మిషన్ 2014లో మొదలైంది. మొదటి దశ దృష్టి ప్రధానంగా మరుగుదొడ్ల నిర్మాణంపై నిలిచింది. 2020లో ఆమోదం పొందిన రెండో దశ వ్యర్థజలాల నిర్వహణను చేర్చింది. మరోవైపు 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయి నీటిని లక్ష్యంగా పెట్టుకుంది. అయిదుగురున్న ఇంటికి ఇది 275 లీటర్లు. ఇందులో అధికభాగం వాడిన నీరుగా అదే పెరటికి చేరుతుంది. స్నానం, వంటింటి నీటిని కూడా సెప్టిక్ ట్యాంకుకే కలిపితే చిన్న గుంత తట్టుకోలేదు.

ఇరుకు స్థలంలో 18 మీటర్ల దూరం చాలా కుటుంబాలకు సాధ్యం కాదు. అటువంటిచోట ఇంటింటి గుంతకు బదులు కొన్ని ఇళ్లకు కలిపి చిన్న శుద్ధి ఏర్పాటు, పూడిక తీసే వాహనం, దానిని చేర్చే శుద్ధి కేంద్రం అవసరమవుతాయి. ఆ ఖర్చు పంచాయతీ ఒంటరిగా మోయగలిగేది కాదు. ఈలోగా వర్షాకాలం ముగియగానే చేతిపంపులు, బోరుబావుల నీటిని ఇ.కోలి, నైట్రేటుల కోసం పరీక్షించడం చేతిలో ఉన్న పని. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఇ.కోలి అసలు ఉండరాదు, నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. ఏ వీధి బోరులో ఈ హద్దు దాటిందో తెలిస్తే, ముందుగా ఏ ఇంకుడు గుంతలను పరిశీలించాలో తేలుతుంది.