డాబా మీది ఎండ, ఇంటిలోని ఆరోగ్యం

వేసవి వచ్చిందంటే వైద్యులమంతా ఒకే మాట చెబుతాం: మధ్యాహ్నం 12 నుంచి 4 గంటల వరకు ఇల్లు కదలకండి. ఎన్నో ఏళ్లు నేనూ అదే చెప్పాను. అయితే పై అంతస్తులో, కాగిన స్లాబు కింద కాపురముండే వారికి ఇల్లే కొలిమిగా మారితే ఆ సలహా ఎంతవరకు అక్కరకు వస్తుంది? 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో 2,000 మందికి పైగా మరణించారు. ఆ విషాదాన్ని మరువరాదు.

దూలపల్లినే తీసుకుందాం. అటవీ అకాడమీ పరిసరాలలో చెట్ల నీడ ఉంది. అది దాటితే ఎండకు కాగే డాబాలు, రేకుల షెడ్లు. మనలను బాధించే ఆ ఎండే అక్కడ అక్కరకు రాకుండా పోతోంది. నీడ పడని 100 చదరపు అడుగుల చోటులో సుమారు ఒక కిలోవాట్ సౌర ఫలకాలు పడతాయి. అవి రోజుకు సగటున 4 యూనిట్ల విద్యుత్తునిస్తాయి. ఇంట్లో కూలరు అత్యవసరమయ్యే మిట్టమధ్యాహ్నమే వాటి ఉత్పత్తీ హెచ్చుగా ఉంటుంది.

ఎండ ముదిరేకొద్దీ విద్యుత్తు పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఫలకాలకు కావలసింది వెలుతురు, వేడి కాదు. అవి వేడెక్కితే ఉత్పత్తి కొంత తగ్గుతుంది. అందుకే స్లాబుకూ వాటికీ నడుమ గాలి ఆడే ఖాళీ ఉంచాలి. దానివలన స్లాబుకు నీడ కూడా దక్కుతుంది. మరొక హెచ్చరిక: బ్యాటరీ లేని సాధారణ ఏర్పాటు, కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. ఇంట్లో ఆక్సిజన్ యంత్రంపై ఆధారపడిన రోగి ఉంటే బ్యాటరీ తప్పనిసరి.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ఏర్పాటుకు కేంద్రం రూ. 78,000 రాయితీ ఇస్తోంది. కాని అది డాబా యజమానికే అందుతుంది. ఉక్కపోత మాత్రం పై అంతస్తులో అద్దెకున్నవారిది. ఈ అంతరమే నన్ను కలవరపెడుతోంది. యజమానులారా, ఫలకాలను బిల్లు తగ్గించే పెట్టుబడిగానే చూడకండి. మీ కప్పు కింద నివసించే వృద్ధులకు, పసిపిల్లలకు అది ఆరోగ్య రక్షణ. ఆ విద్యుత్తులో కొంత వారి గదికీ అందించండి. అపార్ట్‌మెంటు సంఘాలు వచ్చే వేసవికి ముందే ఈ విషయం చర్చకు పెట్టాలి. వడదెబ్బ తగిలాక చేసే చికిత్స కంటే, తగలకుండా కాచుకోవడమే మేలు.