ఊఁ కొట్టు చెవి, విప్పవలసిన నోరు

జపాను భాషకు పూనుకొనిన తెలుగు విద్యార్థిని మొదట బెదరించునది లిపి. అయినను హిరగన, కతకనలు కొన్ని వారముల పట్టుదలకు లొంగును. కంజి అక్షరములకు ఏండ్లు పట్టినను అవి కంటిపని. అసలు చిక్కు నోరు విప్పుటయందున్నది. 1984లో ప్రారంభమైన జపాను భాషా ప్రావీణ్య పరీక్షయందు చదువుటకును వినుటకును ప్రశ్నలు కలవు గాని మాటలాడించు భాగమే లేదు. పరీక్ష గట్టెక్కినవాడును దారి అడుగవలసినపుడు తడబడుట అందుచేతనే.

నిజమునకు తెలుగువానికి ఈ సంభాషణ కొంత సులువు కావలెను. ‘వతషి వ హొన్ ఒ యొమిమసు’ అను వాక్యమును ‘నేను పుస్తకమును చదువుదును’ అని ఇంచుమించు అదే వరుసలో చెప్పవచ్చును. విభక్తి నామము వెనుకను, క్రియ చివరను నిలుచును. ఇంతమాత్రముచే రెండు భాషలును చుట్టములని తేల్చుట తొందరపాటు; నేర్చువానికి పోలిక చాలును. ‘ఒబసన్’ అనిన పిన్ని వంటి ఆడుది, ‘ఒబాసన్’ అనిన అవ్వ. ‘కితె’ అనిన రమ్మనుట, ‘కిత్తె’ అనిన తపాలా బిళ్ల. దీర్ఘములతో, ద్విత్వములతో పెరిగిన చెవికి ఈ భేదము ఇట్టే పట్టుబడును.

జపానులో వినువాడు బిగుసుకొని కూర్చుండరాదు. నడుమ నడుమ ‘హై’ యనియో, ‘సోదెసు నె’ యనియో పలుకుచుండవలెను. దీనికి ‘ఐజుచి’ అని పేరు. కొలిమివద్ద గురువు దెబ్బకు శిష్యుడు సుత్తితో వేయు బదులుదెబ్బ నుండి వచ్చిన మాట. అవ్వ కథ చెప్పుచుండగా మనుమడు ఊఁ కొట్టుట ఇదియే గదా! ఆ ‘హై’కి ఒప్పుకొంటినని కాదు, వినుచున్నాననియే తరచుగా అర్థము.

ఈ విద్యకు ఎదుట మనిషి కావలెను. రంపచోడవరములో జపానువాడు దొరకునా యని అడుగవచ్చును. దూరమునుండి మాటలాడు సాధనములు నేడు కలవు, ఆ కొరత తీరవచ్చును. అంతకంటె పెద్ద సంగతి యొకటి కలదు. ఆ మన్యపు పిల్లవానికి ఈ సాధన కొత్త గాదు. కొండరెడ్ల ఇంటిభాష తెలుగే గాని పాఠ్యపుస్తకపు తెలుగు గాదు. చింతూరు వైపు కోయబిడ్డకు ఇంట కోయమాట, బడిలో తెలుగు. వినుట, తప్పుగా పలుకుట, ఎదుటివారు నవ్వగా దిద్దుకొనుట – పట్టణములో రుసుము చెల్లించి చేయు అభ్యాసమును వాడు సంతలో ఊరకనే చేసినాడు. తరగతిలో మాత్రము ఇంటిమాట వినబడగానే తప్పని కొట్టివేయుదురు. వాడు నోరు మూసికొనును. మూసిన నోట తెలుగే సరిగా రాదు, ఇక జపాను మాట ఎక్కడిది?

పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి వేరు త్రోవ తొక్కెను. తెలుగు తెలిసిన సవరను ఇంట నుంచుకొని, మాటలాడుచు సవరభాష నేర్చెను. అది ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో చుట్టరికమే లేదు. అప్పటికి లిపియు లేదు, చదువుకొనుటకు పుస్తకమును లేదు. ఆయన సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. మాట ముందు, గ్రంథము పిదప. అంతటి పండితుడు శిష్యుల భాషలో తడబడుటకు సిగ్గుపడలేదు.

మన్యపు బడిలో ఉపాధ్యాయుడు వారమునకొక గంట పాఠము ఆపి, ‘దీనిని మీ ఇంట ఏమందురు?’ అని అడిగి, వచ్చిన మాటను తానే పలికి చూడవచ్చును. తప్పు పలుకును. పిల్లలు నవ్వుదురు, దిద్దుదురు. మరుసటి వారము పలుకుబడి కొంచెము మెరుగుపడును.