సముద్రం అడుగున బోరు పాయింట్

కామారెడ్డి, ఎల్లారెడ్డి రైతుకు బోరు పాయింట్ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగినాయన ఒకచోట ఆగుతాడు. బండి వస్తుంది. వందల ఫీట్లు దిగినా దుబ్బే లేస్తుంది. అప్పు రైతు నెత్తిన పడుతుంది. పాయింట్ చూసినాయన పైసలు తీసుకుని ఎప్పుడో పోయి ఉంటాడు.

ఇదే తంతు బంగాళాఖాతంలో వేల కోట్లతో నడిచింది. కాకినాడ తీరానికి ఆవల కేజీ-డి6 బ్లాకులో 2002లో రిలయన్స్‌కు గ్యాస్ తగిలింది. 2006లో పెట్టుబడి అంచనాను 240 కోట్ల డాలర్ల నుంచి 880 కోట్ల డాలర్లకు పెంచి, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్నారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. మరుసటేడు 6 కోట్ల దాకా ఎక్కింది. అక్కడి నుంచి జారుడే. 10 లక్షల కోట్ల ఘనపుటడుగులన్న నిల్వ 2012 నాటికి మూడు లక్షల కోట్లకు దిగింది.

గ్యాస్ ఎటు పోయింది? అసలు అంత ఉన్నదా? లక్షల ఏండ్ల కింద గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన ఇసుక సముద్రపు వాలు మీద జారి, అడుగున కాలువలు కట్టుకుని పేరుకున్నది. (మన మంజీర ఇసుక కూడా అందులో ఉండే ఉంటుంది.) దాని మీద బురద కప్పింది. ఆ ఇసుకరాయి సందుల్లో గ్యాస్ నిలిచింది. ఓడ మీది నుంచి ధ్వని తరంగాలు పంపితే గ్యాస్ ఉన్న ఇసుక మెరిసినట్టు కనబడుతుంది. అయితే నీళ్లలో కొద్దిపాటి గ్యాస్ కలిసినా అదే మెరుపు. పక్కపక్కన ఉన్న రెండు ఇసుక కాలువల మధ్య బురద గోడ ఉందో లేదో కూడా ఆ మెరుపు చెప్పదు. గోడ ఉంటే ఒక బావి పక్క కాలువ గ్యాస్‌ను లాగలేదు. అది తేలాలంటే బావులు తవ్వాలి, రాతి నమూనా తియ్యాలి, గ్యాస్ వదిలి ఒత్తిడి ఎట్ల పడుతుందో చూడాలి. లోతు సముద్రంలో ఒక్కో బావి ఖర్చు చూసి అక్కడే చెయ్యి బిగపడతారు.

చెప్పినన్ని బావులు తవ్వలేదని సర్కారు, భూగర్భమే మోసం చేసిందని కంపెనీ. తగవు మధ్యవర్తుల దాకా పోయింది. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ ఇదే బేసిన్‌లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగులున్నాయని 2005లో చాటించుకున్నది. తేలింది అందులో చిన్న వంతు. 2017లో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీకి అంటగట్టారు.

ఇందులో మనకేం పోయిందంటారా? ఆ అంకెలను నమ్మి గ్యాస్ కరెంటు ప్లాంట్లకు ప్లాన్లు వేశారు. కరీంనగర్ జిల్లా నెదునూరులో 2010లో శంకుస్థాపన చేశారు. గ్యాస్ రాలేదు, ప్లాంటు లేవలేదు. కోస్తాలో కట్టినవి గ్యాస్ లేక మూలబడ్డాయి. 2012లో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు పెట్టిన రోజుల్లో బోరు మోటారు కాడ కాపలా పండుకున్నది ఎవరు?

2020 తర్వాత డి6లోనే కొత్త క్షేత్రాల నుంచి గ్యాస్ వచ్చింది, కాదనం. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ పక్క బ్లాకు నుంచి చమురు మొదలుపెట్టి, రోజుకు 45 వేల బ్యారెళ్ల దాకా పోతామన్నది. తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, ఎన్ని బావుల పరీక్ష మీద ఆ మాట చెప్పారు? ఆ కాగితాలు జనం ముందు పెట్టాలి. తవ్వేవాడు కాక వేరేవాడు లెక్క చూడాలి. అప్పటిదాకా ఆ గ్యాస్‌ను నమ్మి కొత్త ప్లాంటుకు కొబ్బరికాయ కొట్టొద్దు.